లేబుల్ పని నూలు కొన్న రోజే మొదలు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చీరాల నుంచి తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేవి. నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ఆ తర్వాతే ఎరుపు ఎక్కించేవారు. నేసి మడతపెట్టాక కూడా గుడ్డను నూనె వాసన వదిలేది కాదు. దానికి ఆ పేరు రావడానికి కారణం కూడా ఆ నూనే. ఇప్పుడు అదే చీరాల నుంచి కుప్పడం చీర అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో మీషోలోనో అమ్ముడవుతోంది. కొనే ఆవిడ హైదరాబాదులో ఉండొచ్చు, డల్లాస్‌లో ఉండొచ్చు. ఆమె కొంగు చేత్తో పట్టుకుని చూడలేదు. అంచు, ఒళ్లు కలిసిన చోట తిరగేసి మెలిక చూడలేదు. ఫోన్ తెరకు వాసనా లేదు, స్పర్శా లేదు. ఉన్నవల్లా నాలుగు ఫోటోలు, పది మాటలు.

ఆ పది మాటల్లో ఏవేవి తప్పకుండా ఉండాలో చట్టం చెప్పింది. అమ్మేవాళ్లలో చాలామంది దీన్ని పార్శిల్ కట్టే రోజు పని అనుకుంటారు. పక్కవాడి లేబుల్ ఫోటో తీసుకుని, పేరు మార్చి, డీటీపీ కుర్రాడితో వంద స్టిక్కర్లు కొట్టించేస్తే అయిపోయిందనుకుంటారు. ఆ వంద స్టిక్కర్లలో ఉన్న మాటలకు ఆధారం ఎక్కడా ఉండదు. లేబుల్ మీద రాయాల్సిన విషయాలన్నీ నూలు కొన్న బిల్లులో, అద్దకం దగ్గర, మగ్గం మీద ఉంటాయి. వాటిని అక్కడే రాసి పెట్టుకోకపోతే, ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చుని ఊహించి రాయాల్సి వస్తుంది. ఊహించి రాసింది ఏదో ఒక రోజు రిటర్న్‌గానో నోటీసుగానో వెనక్కొస్తుంది.

అసలు చట్టం ఏమడుగుతుంది

కొనేవాళ్లు ఎదురుగా లేకుండా ముందే ప్యాక్ చేసి పెట్టిన సరుకు ఏదైనా తూనికలు కొలతల చట్టం కింద ‘ప్యాకేజ్డ్ కమోడిటీ’. ఆన్‌లైన్‌లో పోయే పార్శిల్ దాదాపు ప్రతిదీ ఇందులోకి వస్తుంది. దీనికి 2011 నాటి నిబంధనలు ఉన్నాయి. 2017లో వాటిని సవరించి, 2018 జనవరి 1 నుంచి ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలను వెబ్‌సైట్‌లో కూడా చూపించాలన్నారు. తయారైన నెల, సంవత్సరం మాత్రం తెర మీద లేకపోయినా ఫర్వాలేదు, ప్యాకెట్ మీద ఉంటే చాలు.

పట్టు, నూలు కలిపి నేసే ఒక సీకో చీరకు లేబుల్ రాస్తే ఇలా ఉంటుంది:

సరుకు: చేనేత చీర, జాకెట్ ముక్కతో
సంఖ్య: 1
కొలత: చీర 5.50 మీ., జాకెట్ ముక్క 0.80 మీ., వెడల్పు 1.20 మీ.
పోగు: పట్టు 40 శాతం, నూలు 60 శాతం (జరీ కాక)
తయారైన నెల, సంవత్సరం
గరిష్ఠ చిల్లర ధర, అన్ని పన్నులతో కలిపి
నేసినవారు లేదా ప్యాక్ చేసినవారు: పేరు, పూర్తి చిరునామా
ఫిర్యాదులకు: పేరు, ఫోన్, ఈమెయిల్
తయారైన దేశం: ఇండియా
లాట్ నంబర్

ఇందులో పోగు, లాట్ నంబర్ నేను కలిపినవి. ఎందుకో ముందుకు వెళితే తెలుస్తుంది. మిగతావాటిలో మనవాళ్లు జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది భాష. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలి. పక్కన తెలుగు వేసుకోవచ్చు, వేస్తే బాగుంటుంది కూడా. అచ్చంగా తెలుగే వేస్తే మాత్రం చెల్లదు.

రెండోది కొలత. మన నోట్లో ‘ఆరు గజాల చీర’ అని తిరుగుతుంది గాని, లేబుల్ మీద మీటర్లే రాయాలి. చీరలు, పంచెలు, దుప్పట్లు, తువ్వాళ్లు ప్యాక్ చేస్తే ఎన్ని ఉన్నాయో, పూర్తయ్యాక ఒక్కోటి ఎంత కొలత ఉందో రెండూ చెప్పాలి. మగ్గం దించిన రోజు కొలతకు, ఉతికి గంజి పెట్టి మడిచాక కొలతకు తేడా వస్తుంది. లేబుల్‌కు కావాల్సింది రెండోది. గుడ్డ పొడుగు రాయాలన్న నియమం కొత్తదేమీ కాదు. ఫ్యాక్టరీల్లో నేసిన తానుల మీద గజాల లెక్క ముద్ర వేయాలని 1889 నాటి బ్రిటిష్ ఇండియా చట్టమే చెప్పింది. మాంచెస్టర్ సరుకు రాజ్యమేలుతున్న రోజులవి.

మూడోది ధర. 1,800 రూపాయలకు అమ్మదల్చుకున్న చీర మీద ‘ఎంఆర్‌పీ 5,999’ అని కొట్టి డెబ్బై శాతం తగ్గింపు చూపించే అలవాటు బాగా పాకింది. ఎవరూ ఎప్పుడూ 5,999కి అమ్మని చీరకు ఆ ధర వేస్తే అది తగ్గింపు కాదు, అబద్ధం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 భాషలో చెప్పాలంటే తప్పుదారి పట్టించే ప్రకటన. పైగా తెర మీద ఒక ఎంఆర్‌పీ, ప్యాకెట్ మీద ఇంకో ఎంఆర్‌పీ ఉంటే కొన్నావిడ ఒక్క ఫోటోతో మిమ్మల్ని పట్టుకుంటుంది. నిజంగానే ధర తగ్గించారనుకోండి, కొత్త స్టిక్కర్ పాత ధరను కప్పేయకూడదు.

నాలుగోది చిరునామా. ఇంట్లోంచి అమ్మే ఆడవాళ్లకు ఇది భయం పుట్టించే గడి. ఇంటి నంబరు, ఫోను వేలమందికి ఎందుకివ్వాలి అనిపిస్తుంది. ఆ భయం న్యాయమైనదే, కానీ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. మనిషి దొరికే చిరునామా కావాలి. సంఘం కార్యాలయమో, అద్దెకు తీసుకున్న చిన్న గోడౌనో పెట్టుకోండి. వ్యాపారానికి వేరే సిమ్, వేరే ఈమెయిల్ పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ప్యాక్ చేసేవాళ్లు పని మొదలుపెట్టిన 90 రోజుల్లోగా తూనికలు కొలతల శాఖలో పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలని కూడా ఉంది. దాని ఫీజు చీరకు పెట్టే అట్టపెట్టెల ఖర్చు కంటే ఎక్కువేం కాదు.

సగం సగం అంటే ఎంత?

చీరాల పక్కనున్న జాండ్రపేటలో ఒక అమ్మాయి చీరలు తీసుకోవడానికి వెళ్లిందనుకుందాం.

“బాబాయ్, ఈ చీరలో పట్టు ఎంతుంటుంది?”

“సీకో కదమ్మా. సగం సగం.”

బాబాయ్ అబద్ధం చెప్పలేదు. పడుగు పట్టు, పేక నూలు కాబట్టి ఆయన లెక్కలో అది సగం సగమే. లేబుల్ మీద శాతం మాత్రం బరువును బట్టి. పట్టు పోగు సన్నం, నూలు పోగు లావు. ఊహకు ఒక చీర తీసుకోండి. పడుగులో పట్టు 160 గ్రాములు, పేకలో నూలు 240 గ్రాములు పట్టింది. అప్పుడు పట్టు నలభై శాతం, నూలు అరవై. సగం సగం అని రాస్తే పది శాతం పట్టు ఎక్కువ చూపించినట్టు. ఈ లెక్క చీర నేశాక రాదు. పడుగు సాగదీసే ముందు పట్టు తూచి, పేకకు ఇచ్చిన నూలు తూచి, మిగిలింది వెనక్కు తీసుకుని తూచి రాసిపెట్టుకుంటేనే వస్తుంది. మాస్టర్ వీవర్‌లు కూలి లెక్క కోసం ఈ తూకాలు ఎలాగూ వేస్తారు. ఆ పుస్తకంలో ఇంకో గడి గీస్తే చాలు.

మార్కెట్‌ప్లేస్ ఫారమ్‌లో ‘ఫాబ్రిక్’ గడి నింపేటప్పుడు ఇంకో ప్రలోభం ఉంటుంది. ‘ప్యూర్ సిల్క్’ అని నొక్కితే వెతుకులాటలో పైకి వస్తుంది. ‘ఆర్ట్ సిల్క్’ అన్న మాట ఇంకా మాయది. అందులో పట్టు ఒక్క పోగు కూడా ఉండదు. వచ్చిన చీర కొంగు చివర ఒక పోగు పీకి నిప్పు అంటించి చూసే అత్తగార్లు మన రాష్ట్రంలో ఇంకా ఉన్నారు. జుట్టు కాలిన వాసన రాకుండా ప్లాస్టిక్‌లా ముద్దకట్టిందంటే, రిటర్న్‌తో పాటు ఒక్క స్టార్ రివ్యూ కూడా వస్తుంది. చెప్పిన వివరానికి తేడాగా ఉన్న సరుకును వెనక్కు తీసుకోనని అనే హక్కు అమ్మకందారుకు లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది.

జరీ గురించి కూడా నిజమే రాయండి. ఇప్పుడు వాడేది ఎక్కువగా పాలిస్టర్ మీద లోహపు పూత. అది తప్పేమీ కాదు. దాన్ని ‘వెండి జరీ’ అని రాయడమే తప్పు.

పక్క ఊరి పేరు పెట్టుకోవద్దు

ఇది చాలామందికి నేరమని తెలియనే తెలియదు. చీరాల చీర ఫోటో కింద శీర్షికలో ‘గద్వాల్ ఉప్పాడ మంగళగిరి వెంకటగిరి పోచంపల్లి హ్యాండ్లూమ్ శారీ’ అని అన్నీ కలిపి రాస్తారు. వెతికేవాళ్ల కంట పడాలని. ఆ పేర్లన్నీ భౌగోళిక గుర్తింపు పొందినవి. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో నేసిన చీరకే ఆ పేరు పెట్టాలి. తప్పుడు గుర్తింపు వాడితే భౌగోళిక గుర్తింపుల 1999 చట్టంలోని 39వ సెక్షన్ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా చెబుతోంది. ఎంతమంది మీద కేసులు పడ్డాయన్నది పక్కన పెట్టండి. గుర్తింపు ఉన్న సంఘం ఒక ఫిర్యాదు పెడితే మీ లిస్టింగ్ దిగిపోతుంది, పండగ సీజన్‌లో ఖాతా ఆగిపోతుంది. జైలు కంటే ముందు తగిలే దెబ్బ అది. మీ చీర కుప్పడం అయితే కుప్పడం అనే రాయండి. అంచుకు, ఒంటికి వేరే పేకలు వేసి కలిసే చోట మెలిక తిప్పే ఆ పని దగ్గరగా తీసిన ఫోటో ఒకటి పెట్టండి. అది పది అరువు పేర్ల పని చేస్తుంది.

సూరత్ నుంచి తానులు తెప్పించి, చీరాల అడ్రసుతో ‘చీరాల చేనేత’ అని అమ్మేవాళ్లు ఉన్నారని ఊళ్లో అందరికీ తెలుసు. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985 చట్టం చెబుతుంది. ఆ జాబితాలో ఇప్పుడున్న పదకొండు రకాల్లో చీర ఒకటి. చేనేతకారులు, ప్రగడ కోటయ్య లాంటి నాయకులు దశాబ్దాలు పోరాడి తెచ్చుకున్న రక్షణల్లో అదొకటి. కానీ తెర మీద ఈ చట్టం కనిపించదు. కనిపించేది హ్యాండ్లూమ్ మార్క్. 2006లో కేంద్ర జౌళి శాఖ తెచ్చిన గుర్తు ఇది. టెక్స్‌టైల్స్ కమిటీ వాళ్లు మగ్గాలు చూసి నమోదు చేసుకుని లేబుళ్లు ఇస్తారు. ఇక్కడ అమ్మే గుడ్డకు ‘హ్యాండ్లూమ్’ అని, విదేశాలకు పంపేదానికి ‘హ్యాండ్ వోవెన్ ఇన్ ఇండియా’ అని ఉంటుంది. పట్టు స్వచ్ఛతకు సిల్క్ మార్క్ ఉంది. రంగు దిగకుండా, నేత నాణ్యంగా ఉన్న సరుకు కోసం 2015 ఆగస్టు 7న చెన్నైలో మొదలైన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ ఉంది. నిజంగా చేత్తో నేసేవాళ్లకు ఈ నిబంధనలు భారమని నేననుకోను. నకిలీవాడు చూపించలేని కాగితం మీ దగ్గర ఉంటుంది, అంతే. ఆ లేబుల్ ఫోటో లిస్టింగ్‌లో రెండోదో మూడోదో పెట్టండి. చివరిది చేస్తే ఎవరూ అక్కడిదాకా వేలు జరపరు.

వేదికకు ఎందుకంత కంగారు

ఈ మధ్య మార్కెట్‌ప్లేస్‌లు ఒక్క గడి ఖాళీగా ఉన్నా లిస్టింగ్ ఆపేస్తున్నాయని అమ్మకందారులు విసుక్కుంటున్నారు. దానికి కారణం ఉంది. బీఐఎస్ ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చారని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. కొన్నవాళ్లందరికీ కబురు చేసి కుక్కర్లు వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వమంది. అమెరికాలో 2024 జూలైలో అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, అమెజాన్ తన గోడౌన్ల నుంచి పంపే సరుకుకు అమెజాన్ కూడా బాధ్యత పడాలని తేల్చింది. అమ్మింది ఎవరైనా దెబ్బ తమకూ తగులుతుందని తెలిశాక, వాళ్లు ఆ భారాన్ని మీ ఫారమ్‌లోకి దించారు.

మీరు కుక్కర్లు అమ్మరు. కానీ మిగిలిన ముక్కలతో గుడ్డ బొమ్మలు కుట్టించి పిల్లల కోసమని అమ్ముతున్నారా? 2021 జనవరి 1 నుంచి పధ్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకు మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి, ఏటికొప్పాక వాళ్లకు ఊపిరి ఆడింది అందుకే. మీ దర్జీకి ఆ నమోదు లేకపోతే బొమ్మ ఆలోచన మానేసి సంచులు కుట్టించండి.

కారం, జీడిపప్పు

చీరతోపాటు వేటపాలెం జీడిపప్పు, గుంటూరు కారం కూడా లిస్టింగ్‌లో పెడదామనుకునేవాళ్లు ఎక్కువ. ఇక్కడ రాజ్యం ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐది. పధ్నాలుగు అంకెల నంబరు లేకుండా వేదిక మిమ్మల్ని లోపలికి రానివ్వదు. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్స్. టర్నోవర్ హద్దులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ఆ సంస్థ ఫాస్‌కాస్ పోర్టల్‌లో చూసుకోండి. కారం లాంటి మసాలా పొడులు విడిగా అమ్మడమే నిషేధం, ప్యాకెట్ కట్టి తీరాలి. ప్యాకెట్ మీద పచ్చ చుక్క, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ధరతోపాటు యూనిట్ ధర కూడా వేయాలి. 250 గ్రాముల కారం 150 రూపాయలైతే గ్రాముకు 60 పైసలు అని. జీడిపప్పు కొందరికి పడదు, ప్రాణం మీదికి వస్తుంది. జీడిపప్పు ఆడించిన మిక్సీలోనే కారం కలిపితే ఆ సంగతి కారం ప్యాకెట్ మీద కూడా రాయాలి. గడువు దగ్గరపడ్డ సరుకు పంపించేయాలని చూడకండి. కొన్నవాళ్ల చేతికి అందేసరికి ముప్పై శాతం షెల్ఫ్ లైఫ్ గాని, నలభై అయిదు రోజులు గాని మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ వేదికలకు చెప్పింది.

ఎర్రటి కారం మీద మోజు ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2003లో ఫ్రాన్స్‌లో భారతదేశపు కారంలో సూడాన్ అనే రంగు దొరికింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారం చేరిందని నాలుగొందలకు పైగా ఆహార పదార్థాలను అరల్లోంచి తీసేశారు. మిర్చి సొంతంగా కొని, మీ కళ్లెదుట ఆడించుకుంటే తప్ప ఎరుపుకు మీరు పూచీ పడలేరు.

డల్లాస్ చీర

విదేశీ ఆర్డరు రాగానే సంబరపడి కట్టేస్తారు. అమెరికాలో 1958 చట్టం ప్రకారం గుడ్డకు పోగుల శాతం, తయారైన దేశం, తయారీదారు గుర్తింపు ఉండాలి. పైన నేను పోగు గడి కలిపింది అందుకే. ఉతికే విధానం కూడా అక్కడ అడుగుతారు. ఇక నిప్పు. 1994లో భారతదేశం నుంచి వెళ్లిన పల్చటి రేయాన్ పావడాలు కాగితం కంటే త్వరగా అంటుకుంటున్నాయని అమెరికా లక్షల్లో వెనక్కు పిలిచింది. చదరపు మీటరుకు 88 గ్రాములు, అంతకు పైబడిన సాదా గుడ్డకు అక్కడ నిప్పు పరీక్ష మినహాయింపు ఉంది. ఒక జానెడు ముక్క తూచి చూసుకుంటే మీ చీర ఏ పక్కన ఉందో తెలుస్తుంది.

యూరప్ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. 2024 డిసెంబర్ 13 నుంచి అక్కడ కొత్త ఉత్పత్తి భద్రతా నిబంధన అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్ లోపల ఒక బాధ్యుడి పేరు, చిరునామా లేనిదే సరుకు అమ్మకూడదు. దాంతో ప్రపంచమంతటా ఎంతోమంది చిన్న చేతిపనివాళ్లు యూరప్‌కు పంపడమే మానేశారు. నెలకు రెండు చీరలు జర్మనీకి పంపేవాళ్లకు నా సలహా కూడా అదే. ప్రస్తుతానికి ఆ దేశాలను లిస్టింగ్‌లోంచి తీసేయండి.

అద్దకం సంగతి మాత్రం ఏ దేశానికైనా వదలొద్దు. క్యాన్సర్ కారకమైన అమైన్లు విడుదల చేసే అజో రంగులను జర్మనీ 1994లో, మనదేశం 1997లో నిషేధించాయి. నాఫ్తాల్ ఎరుపులకు వాడే బేస్‌లలో కొన్ని ఆ కోవలోవే. అద్దకం మేస్త్రికి ఎరుపు ఎలా వచ్చిందో తెలుసు గాని, డబ్బా మీద పేరు తెలియకపోవచ్చు. రంగు డబ్బా ఫోటో, రంగుల కొట్టు బిల్లు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ ఎరుపు పిల్లల గుడ్డలకు వాడకండి.

ఫిర్యాదు వచ్చిన రోజు

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు “మొదటి ఉతుకులోనే రంగు దిగింది” అని మెసేజ్ వస్తుంది. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. ఫిర్యాదులు చూసే మనిషి అంటూ ఒకరు ఉండాలి. మీరొక్కరే అయితే ఆ మనిషి మీరే. నోటి మాటతో “అలా జరగదండీ, మా చీరలు గ్యారంటీ” అని వాదనకు దిగకుండా, లాట్ నంబరు అడగండి. నూలు బిల్లు, రంగు బిల్లు, మగ్గం, దించిన తేదీ అన్నీ ఒకే నంబరు కింద రాసుకుని ఉంటే, ఆ చీరతోపాటు అదే అద్దకంలో మునిగిన మిగతా చీరలు ఏవో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ముందు వాటి లిస్టింగ్ ఆపండి. ఆవిడ డబ్బు వెనక్కివ్వండి. మిగిలిన వాటిలో ఒకదాని జాకెట్ ముక్క కోసి సబ్బు నీళ్లలో వేసి చూడండి. రంగు దిగితే ఆ లాట్ చీరలు ఇప్పటికే అందుకున్న మిగతావాళ్లకు కూడా మీరే ఫోన్ చేయాలి. అద్దకం మేస్త్రికి ఫోన్ ఆ తర్వాత.